స్పర్శ నుండి సంఖ్యకు: మిడి వెలాసిటీ దిద్దుబాటు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: మిడి ప్రమాణంలో ప్రతి స్వరానికీ జతపడే 'వెలాసిటీ' అనే సంఖ్య మీటను నొక్కిన వేగాన్ని సూచిస్తుంది. సంగీత సాఫ్ట్‌వేర్‌లో ఈ సంఖ్యను దిద్దడం నేడు నిత్యకృత్యం. ఈ దిద్దుబాటు కంప్యూటర్ కంటే ముందే మొదలైందనీ, వాయించిన విలువకూ దిద్దిన విలువకూ మధ్య భేదాన్ని మిడి ఫైలు భద్రపరచదనీ, అందువల్ల దానిని ఆధారంగా స్వీకరించేవారు పాఠపరిష్కర్త దృష్టితో చదవవలసి ఉంటుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మిడి, వెలాసిటీ, పియానో, చిల్లుల చుట్టలు, స్వరలిపి, పాఠపరిష్కరణ.

1. ప్రవేశిక

హార్మోనియం మీటను మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా వెలువడే ధ్వనిలో చెప్పుకోదగిన తేడా ఉండదు. ధ్వని హెచ్చుతగ్గులను నిర్ణయించేది తిత్తిని ఆడించే రెండవ చేయి. పద్యనాటకాలలో రాగాలాపనకు హార్మోనియం తోడుగా నిలిచిన తీరును ఎరిగినవారికి ఈ సంగతి కొత్త కాదు. పియానోలో అట్లా కాదు. అక్కడ తిత్తి లేదు. ఏ స్వరం ఎంత బిగ్గరగా పలకాలో ఆ స్వరాన్ని నొక్కే వేలే నిర్ణయించాలి. స్వరస్థానం, బలం రెండూ ఒకే కదలికలో ఇమిడి ఉంటాయి.

మిడి ప్రమాణం ఈ రెండింటినీ విడదీసి రాసింది. ఒక మీటను నొక్కగానే వెలువడే సందేశంలో మూడు భాగాలు ఉంటాయి: స్వరం మొదలైందన్న సూచన, స్వరసంఖ్య, వెలాసిటీ. ఈ మూడవదాన్ని తెలుగులో 'స్పర్శవేగం' అనవచ్చు. వాడుకలో దీనిని శబ్దతీవ్రతకు మారుపేరుగా భావిస్తారు గాని అది సరికాదు. అది వేగం మాత్రమే. ఆ వేగానికి ఎంత తీవ్రత ఇవ్వాలి, ఎటువంటి నాదాన్ని పలికించాలి అన్నది సందేశాన్ని అందుకున్న వాద్యం ఇష్టం. ఈ చిన్న భేదాన్ని విస్మరించడం వల్లనే మిడి ఫైళ్లను ఆధారంగా చేసుకునే పరిశీలనలలో పెద్ద పొరపాట్లకు తావు ఏర్పడుతుంది.

2. సుత్తి వేగం

ఫ్లారెన్స్ నగరంలో మెదిచీ రాజకుటుంబం కొలువులో ఉన్న బర్తొలొమెయో క్రిస్తోఫోరి నిర్మించిన వాద్యం 1700 నాటి ఆస్తుల పట్టికలో నమోదైంది. మెల్లగానూ బిగ్గరగానూ పలకగలగడమే దాని విశేషమని ఆ పట్టిక పేర్కొన్నది. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో మీట నొక్కితే ఈకమొన తీగను మీటేది. వేలి బలం ధ్వనిని పెద్దగా మార్చేది కాదు. క్రిస్తోఫోరి ఈకమొనకు బదులు సుత్తిని పెట్టాడు. అయితే అతని అసలు ఆవిష్కరణ సుత్తి కాదు, సుత్తిని విడిచిపెట్టే ఏర్పాటు. తీగను తాకడానికి కొద్దిగా ముందు సుత్తికీ మీటకూ సంబంధం తెగిపోతుంది. ఆ క్షణం నుండి సుత్తి విసిరిన రాయి వంటిది. వేలు ఆ తరువాత ఏమి చేసినా దానిని చేరదు.

ఈ యంత్రరచన నుండి ఒక తీవ్రమైన ప్రశ్న పుట్టింది. సుత్తిని చేరేది వేగం ఒక్కటే అయితే, పియానో గురువులు తరతరాలుగా బోధించిన 'మృదుస్పర్శ', 'లోతైన స్పర్శ' వంటి భేదాలకు అర్థమేమిటి? బాల్టిమోర్‌లోని పీబాడీ కన్సర్వేటరీకి చెందిన ఆటో ఆర్ట్‌మన్ 1925లో ప్రచురించిన గ్రంథంలో పియానో స్పర్శను భౌతికశాస్త్ర దృష్టితో పరిశీలించి, నాదభేదాలకు మూలం సుత్తి వేగమేనని వాదించాడు. 1934లో హార్ట్, ఫుల్లర్, లస్బీ అనే పరిశోధకులు ప్రయోగాలతో ఈ వాదాన్ని బలపరిచారు. వాదం అంతటితో ముగియలేదు. వేలు మీటను తాకినప్పుడు పుట్టే చిన్న చప్పుడు కూడా శ్రోతకు స్పర్శభేదాన్ని తెలియజేయగలదని ఇటీవలి ప్రయోగాలు చూపాయి. ఏమైనా, స్పర్శ మొత్తాన్ని ఒకే కొలతకు కుదించవచ్చునన్న భావన కంప్యూటర్ యుగం కంటే చాలా ముందే సిద్ధమైందని గ్రహించాలి. మిడి ఆ భావనను వారసత్వంగా పొందింది, సృష్టించలేదు.

3. చిల్లుల చుట్టలపై దిద్దుబాటు

నేటి సాఫ్ట్‌వేర్‌లో స్వరాలను దిద్దే తెరను 'పియానో రోల్' అంటారు. ఈ పేరు కేవలం పోలిక వల్ల వచ్చింది కాదు. దాని వెనుక ఒక పరిశ్రమ చరిత్ర ఉంది. చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట గాలి ఒత్తిడి సహాయంతో పియానో మీటలను కదిలించే యంత్రాలు పంతొమ్మిదవ శతాబ్దం చివరినాటికే ప్రచారంలోకి వచ్చాయి. తొలి యంత్రాలు స్వరాలను, వాటి కాలాన్ని మాత్రమే పలికించేవి. బలాన్ని యంత్రం ముందు కూర్చున్న వ్యక్తి తన చేతులతో, కాళ్లతో సమకూర్చవలసి వచ్చేది.

1904లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరం నుండి వెల్టె సంస్థ 'వెల్టె-మిన్యోన్' అనే యంత్రాన్ని విడుదల చేసింది. పియానిస్టు వాయించిన స్వరాలతోపాటు ధ్వనిలోని హెచ్చుతగ్గులను కూడా పునరావృతం చేయడం దీని ప్రత్యేకత. మాలర్, డెబ్యుస్సీ వంటి స్వరకర్తలు స్వయంగా వాయించిన చుట్టలు దీనివల్లనే మనకు మిగిలాయి. అయితే ఆ హెచ్చుతగ్గులను నమోదు చేసిన పద్ధతిని సంస్థ రహస్యంగా ఉంచింది. అందులో ఎంత భాగం కొలత, ఎంత భాగం సంపాదకుల పూరణ అన్నది నేటికీ పండితుల మధ్య చర్చనీయాంశమే.

అమెరికాలో దీనికి పోటీగా వచ్చిన డువో-ఆర్ట్, ఆంపికో యంత్రాలలో సంపాదకుని పాత్ర మరింత స్పష్టంగా కనిపిస్తుంది. డువో-ఆర్ట్ బలాన్ని 16 స్థాయిలుగా విభజించింది. పియానిస్టు వాయిస్తుండగా పక్కన కూర్చున్న నిర్మాత చక్రాలు తిప్పుతూ ఆ స్థాయిలను గుర్తించేవాడు. తరువాత వాటిని సవరించేవారు. సవరణ పూర్తయిన చుట్టపై పియానిస్టు ఆమోదముద్రగా సంతకం కనిపించేది. ఆ సంతకాన్ని నమ్మి 'ఇది ఫలానా విద్వాంసుని స్పర్శ' అనుకున్న శ్రోత నిజానికి వినినది ఇద్దరు ముగ్గురి ఉమ్మడి రచన.

మరొక సాంకేతిక పరిమితి కూడా గమనార్హం. ఈ యంత్రాలలో మీటల వరుస రెండు భాగాలుగా విడిపోయి, ఒక్కొక్క భాగానికి ఒకే గాలి ఒత్తిడి అందేది. ఒకేసారి మోగే నాలుగు స్వరాలలో ఒకదాన్ని మాత్రమే పైకి తేవడం సాధ్యం కాదు. సంపాదకులు దీనికి ఒక ఉపాయం కనుగొన్నారు. ప్రధాన స్వరం చిల్లును వెంట్రుకవాసి ముందుకు జరిపి, ఆ క్షణానికి మాత్రం ఒత్తిడిని పెంచేవారు. అంటే బలాన్ని దిద్దడానికి కాలాన్ని దిద్దారు. ఆ చుట్టలను విని 'నాటి పియానిస్టులు రాగస్వరాన్ని ముందుగా పలికించేవారు' అని నిర్ణయించేవారు, అది వేలి అలవాటా లేక కత్తెర అలవాటా అని మొదట తేల్చుకోవాలి.

1920లలో ఆంపికో సంస్థలో చేరిన భౌతికశాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ ఈ చరిత్రలో కీలకవ్యక్తి. సుత్తి తీగను తాకడానికి ముందు చివరి కొద్ది దూరాన్ని దాటడానికి పట్టే కాలాన్ని విద్యుత్ మెరుపుల సాయంతో కాగితంపై గుర్తించే పద్ధతిని ఆయన రూపొందించాడు. రెండు బిందువుల మధ్య కాలం తెలిస్తే వేగం తెలుస్తుంది. నేటి ఎలక్ట్రానిక్ కీబోర్డులో ఒక్కొక్క మీట కింద రెండు స్పర్శబిందువులను వేర్వేరు లోతుల్లో అమర్చి, వాటి మధ్య కాలవ్యవధిని కొలిచే పద్ధతికీ హిక్‌మన్ పద్ధతికీ సూత్రభేదం లేదు.

ఇక మెక్సికో నగరంలో స్థిరపడిన అమెరికన్ స్వరకర్త కాన్లన్ నాన్‌కారో 1940ల చివరి నుండి చుట్టలపై తానే చేతితో చిల్లులు పొడుస్తూ, ఏ పియానిస్టూ వాయించలేని రచనలు చేశాడు. ఆయన చుట్టల్లో 'అసలు వాయింపు' అన్నదే లేదు. దిద్దుబాటే రచన. కంప్యూటర్ తెరపై మౌస్‌తో స్వరాలు గీసే నేటి యువ సంగీతకారునికి పూర్వీకుణ్ణి వెదకవలసి వస్తే అతడు స్టూడియోలో కంటే ఆ చిల్లుల బల్ల దగ్గరే దొరుకుతాడు.

4. ఏడు బిట్ల నిర్ణయం

ఎలక్ట్రానిక్ వాద్యాల తొలి తరాలలో స్పర్శకు చోటు తక్కువ. 1935లో మార్కెట్టుకు వచ్చిన హామండ్ ఆర్గాన్‌గాని, 1970 నాటి మినీమూగ్‌గాని వేలి వేగాన్ని పట్టించుకోలేదు. 1970ల రెండవ భాగంలో వచ్చిన యమహా సి.ఎస్.-80 వంటి ఖరీదైన కొన్ని వాద్యాలే దీనికి మినహాయింపు.

వేర్వేరు సంస్థల వాద్యాలు పరస్పరం మాట్లాడుకునే ఉమ్మడి భాష కావాలని రోలాండ్ సంస్థ స్థాపకుడు ఇకుతారో కకెహాషి, సీక్వెన్షియల్ సర్క్యూట్స్ సంస్థకు చెందిన డేవ్ స్మిత్ ప్రయత్నించారు. స్మిత్, చెట్ వుడ్ కలిసి 1981లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ సమావేశంలో ఒక ప్రతిపాదన చేశారు. 1983 జనవరిలో అమెరికాలోని నామ్ వాద్య ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600, రోలాండ్ వారి జూపిటర్-6 వాద్యాలను తీగతో కలిపి చూపారు. అదే ఏడాది మిడి 1.0 ప్రమాణం వెలువడింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. ప్రపంచానికి మిడిని పరిచయం చేసిన ఆ రెండు వాద్యాల మీటలకూ స్పర్శవేగాన్ని గుర్తించే శక్తి లేదు. అటువంటి వాద్యాలు ఏ సంఖ్యను పంపాలన్నది కూడా ప్రమాణమే చెప్పింది: 64. అంటే స్పర్శ లేనిచోట కూడా స్పర్శకు ఒక సంఖ్య ఉండి తీరాలి.

0 నుండి 127 వరకే ఎందుకు? మిడి తీగపై సమాచారం ఎనిమిది బిట్ల ముక్కలుగా ప్రయాణిస్తుంది. ప్రతి ముక్కలోని మొదటి బిట్టు అది ఆజ్ఞా లేక విలువా అన్నది తెలిపేందుకే కేటాయించారు. విలువకు మిగిలినవి ఏడు బిట్లు. అవి ఇవ్వగల భేదాలు 128. వేగం సెకనుకు 31,250 బిట్లు కాబట్టి, ఒక స్వరసందేశం చేరడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. పది వేళ్లు ఒకేసారి పడితే చివరి స్వరం పది మిల్లీసెకన్ల వెనుక చేరుతుంది. ఈ ఇరుకు వల్లనే మరొక పొదుపు కూడా జరిగింది: సున్నా వెలాసిటీతో స్వరాన్ని మొదలుపెట్టమంటే దానిని ముగించమన్నట్టే భావించాలని నియమం పెట్టారు. కనుక స్పర్శకు నిజంగా మిగిలినవి 1 నుండి 127 వరకే. మీటను విడిచే వేగానికీ ఒక స్థానం ఏర్పరచారు గాని, దానిని గుర్తించే కీబోర్డులు నాటికీ నేటికీ అరుదే.

అదే 1983లో వచ్చిన యమహా డి.ఎక్స్.7 వాద్యం వెలాసిటీకి కొత్త అర్థం ఇచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనుగొన్న ఎఫ్.ఎం. పద్ధతిపై ఆధారపడిన ఈ వాద్యంలో వేగం పెరిగితే ధ్వని బిగ్గరగా మారడమే కాదు, నాదం స్వభావమే మారిపోయేట్టు అమర్చవచ్చు. మెల్లగా నొక్కితే గంట వంటి గుల్లనాదం, వేగంగా నొక్కితే లోహపు పదును. తరువాతి కాలంలో ఒకే స్వరాన్ని వేర్వేరు బలాలతో వాయించి రికార్డు చేసి, ఒక్కొక్క వెలాసిటీ శ్రేణికి ఒక్కొక్క రికార్డును జతచేసే పద్ధతి స్థిరపడింది. అటువంటి వాద్యంలో 80ని 81గా దిద్దడం ఏ ప్రభావమూ చూపకపోవచ్చు, పూర్తిగా మరొక రికార్డునే తేవచ్చు.

5. తెరపై గీతలు

1985లో వచ్చిన అటారి ఎస్.టి. కంప్యూటర్‌కు మిడి ద్వారాలు కట్టడంలోనే ఉండడం సంగీతకారులకు కలిసివచ్చింది. 1989లో హాంబుర్గ్‌కు చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ ఆ కంప్యూటర్ కోసమే క్యూబేస్‌ను విడుదల చేసింది. సంఖ్యల జాబితాను చదివి ఒక్కొక్కటీ దిద్దే పద్ధతికి బదులుగా, స్వరాలు అడ్డపట్టీలుగానూ, వాటి కింద వెలాసిటీలు నిలువు గీతలుగానూ కనిపించే తెర క్రమంగా అందరి పద్ధతి అయింది. లాజిక్ సాఫ్ట్‌వేర్ రంగులను కూడా వాడుకుంది. తక్కువ విలువలకు ఊదా, ఎక్కువ విలువలకు ఎరుపు. మౌస్‌తో ఒక వాలుగీత గీస్తే ఇరవై స్వరాలు క్రమంగా ఉబ్బుతాయి. చుట్టల సంపాదకునికి పూట పట్టే పని ఇప్పుడు ఒక లిప్తలో జరుగుతుంది.

ఈ సౌలభ్యం తెచ్చిన మొదటి ఫలితం సమతలం. తెరపై గీసిన స్వరానికి సాఫ్ట్‌వేరే ఒక విలువ ఇస్తుంది. ఏబుల్టన్ లైవ్‌లో అది 100. వందల స్వరాలు ఒకే విలువతో మోగినప్పుడు పుట్టే యాంత్రికతకు విరుగుడుగా 'హ్యూమనైజ్' అనే ఆజ్ఞ వచ్చింది. ఇది ప్రతి విలువకూ కొంత యాదృచ్ఛిక భేదాన్ని కలుపుతుంది. పేరు గొప్పదే గాని భావన పేలవం. మనిషి వాయింపులో తేడాలు ఉంటాయన్నది నిజమే. అవి పాచికలు వేసినట్టు ఉంటాయన్నది నిజం కాదు. స్టాక్‌హోమ్‌లోని కె.టి.హెచ్. విద్యాసంస్థలో జోహాన్ సుండ్‌బర్గ్, ఆండర్స్ ఫ్రిబర్గ్, వయొలిన్ విద్వాంసుడు లార్స్ ఫ్రిదేన్ కలిసి రూపొందించిన వాదన నియమాలు చూపినది ఇదే. స్వరం ఎంత ఎత్తులో ఉంటే అంత బలంగా పలకడం, పదబంధం నడుమ ఉబ్బి చివర తగ్గడం వంటి క్రమాలు వాటిలో ఉన్నాయి. లయ విషయంలోనూ ఇట్టిదే తేలింది. 2011లో హెన్నిగ్, అతని సహచరులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం మనిషి లయలోని చిన్న తప్పిదాలు ఒకదానితో ఒకటి దీర్ఘకాలం ముడిపడి ఉంటాయి. శ్రోతలు కూడా సంబంధం లేని తప్పిదాల కంటే అటువంటివాటినే మెచ్చారు.

6. పాఠం, ప్రక్షిప్తం

వేమన పద్యాల ప్రతులను సేకరించి పోల్చిన సి.పి. బ్రౌన్‌కు ఎదురైన సమస్య తెలుగు పరిశోధకులకు సుపరిచితం. ఏ పద్యం కవిది, ఏది లేఖకునిది? తాళపత్రంలో కనీసం దస్తూరి మారుతుంది, ఘంటం లోతు మారుతుంది, పంక్తుల నడుమ చేర్పులు కనిపిస్తాయి. మిడి ఫైలులో అటువంటి ఆనవాళ్లు కానరావు. 1988లో స్థిరపడిన ప్రామాణిక మిడి ఫైలు రూపంలో స్వరానికి ఒకే వెలాసిటీ స్థానం ఉంది. అక్కడున్న 93 వేలితో వచ్చిందో మౌస్‌తో వచ్చిందో చెప్పే గడి లేదు. దిద్దిన విలువ పాత విలువను తుడిచివేసి ఆ స్థానంలో కూర్చుంటుంది.

అయినా దిద్దుబాటు కొన్ని అంకగణితపు జాడలను విడుస్తుంది. అన్ని విలువలకూ 20 చొప్పున కలిపితే 107కు మించినవన్నీ 127 దగ్గర ఆగిపోతాయి. ఆ మార్పు ఖాయమయ్యాక తిరిగి 20 తీసివేసినా అవన్నీ 107గానే మిగులుతాయి. 110కీ 120కీ మధ్య వాయింపులో ఉన్న భేదం శాశ్వతంగా పోతుంది. కనుక ఒక ఫైలులో గరిష్ఠ విలువ వద్ద స్వరాలు గుంపుకట్టి, దానికి పైన ఒక్కటీ లేకపోతే అది అనుమానించదగిన చోటు. విలువలను ఒకటిన్నర రెట్లు చేస్తే ఫలితాలలో ప్రతి మూడు సంఖ్యలలో ఒకటి అసలు కనిపించదు. పెద్ద ఫైలులోని విలువలను లెక్కగడితే పళ్లు ఊడిన దువ్వెన వంటి ఆకారం బయటపడుతుంది. వాలుగీతతో దిద్దినచోట సమాన అంతరాలు ఉంటాయి. 64, 100 వంటి సంఖ్యలు వరుసగా వస్తే అక్కడ స్పర్శే లేదని భావించడం మేలు. ఛందోభంగాన్ని, భాషాప్రయోగాన్ని బట్టి ప్రక్షిప్తాన్ని గుర్తించడం వంటిదే ఈ పని. నిర్ణయం సంభావ్యమే గాని నిశ్చితం కాదు.

వాద్యం పాత్రను కూడా మరువరాదు. వెలాసిటీ సంఖ్యకు ఎంత శబ్దతీవ్రత ఉండాలో మిడి 1.0 ప్రమాణం నిర్దేశించలేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ డానెన్‌బర్గ్ 2006లో పలు వాద్యాలను పరిశీలించి, ఈ సంబంధం వాద్యానికీ వాద్యానికీ ఎంతో మారుతుందని చూపాడు. కాబట్టి ఫైలులోని సంఖ్యలను మాత్రమే పోల్చి ఇద్దరు విద్వాంసుల 'బలప్రయోగం' గురించి తీర్పు చెప్పడం, వారు ఏ కీబోర్డుపై వాయించారో, ఏ ధ్వనిని వింటూ వాయించారో తెలియనంతవరకు, నిలిచే వాదం కాదు. గ్లెన్ గూల్డ్ 1955లో రికార్డు చేసిన బాఖ్ 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్'ను జెన్ఫ్ సంస్థ విశ్లేషించి, అధిక సూక్ష్మత గల మిడి సమాచారంగా మార్చి, యమహా డిస్క్లావియర్ పియానోపై తిరిగి పలికించగా, ఆ రికార్డు 2007లో వెలువడింది. అక్కడ స్పర్శవేగాలు కొలిచినవి కావు. ధ్వని నుండి ఊహించి రాబట్టినవి. డువో-ఆర్ట్ చుట్టపై సంతకానికి పుట్టిన ప్రశ్నే మళ్లీ పుడుతుంది.

భారతీయ సంగీతానికి ఈ కొలతను అన్వయించేటప్పుడు మరొక చిక్కు ఉంది. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుండి తెలుగు లిపిలో ప్రకటించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' గమకాలకు ప్రత్యేక సంకేతాలను సమకూర్చింది. ఆ గ్రంథం లిపిలో ప్రధానంగా పట్టుకోదలచినవి స్వరం, కాలం, గమకం. మన ఛందస్సులో గురులఘువులు కూడా కాలపు కొలతలే గాని ఊనిక కొలతలు కావు. మిడి పరిస్థితి దీనికి తలకిందులు. స్పర్శవేగానికి ప్రతి స్వరంలోనూ తప్పనిసరి స్థానం ఉంది. గమకాన్ని మాత్రం స్వరం వెలుపల విడిగా పంపవలసి వస్తుంది. మృదంగం సంగతి ఇంకా స్పష్టం. నం, ధిం, చాపు అన్నవి ఒకే దెబ్బకు హెచ్చుతగ్గులు కావు. చర్మంపై వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళ్ల కూర్పుతో పలికే వేర్వేరు ధ్వనులు. వాటిని ఒకే వెలాసిటీ వరుసలో అమర్చడం కుదరదు. అందుకే మృదంగ ధ్వనులను సాఫ్ట్‌వేర్‌కు తెచ్చేవారు ఒక్కొక్క సొల్లుకు ఒక్కొక్క స్వరసంఖ్యను కేటాయించవలసి వస్తుంది. పియానో కోసం విడదీసిన రెండు భాగాలు ఇక్కడ మరోలా కలుస్తాయి.

2020లో ప్రకటించిన మిడి 2.0 ప్రమాణం వెలాసిటీని ఏడు బిట్ల నుండి పదహారు బిట్లకు పెంచింది; భేదాలు 65,536 అయ్యాయి. సున్నా వెలాసిటీని స్వరాంతంగా భావించే పాత నియమం పోయింది. స్వరంతోపాటు వాదనరీతిని తెలిపే అదనపు గుణానికీ చోటు దొరికింది. పాత ఫైళ్లలోని విలువలను కొత్త కొలతలోకి మార్చే సూత్రం 64ను కచ్చితంగా నడిమిన, అంటే 32,768 వద్ద నిలుపుతుంది. 127ను 65,535కు చేరుస్తుంది. అట్లా మార్చిన ఫైలులో విలువలు 65,536 స్థానాలలో అత్యధికంగా 127 చోట్ల మాత్రమే కనిపిస్తాయి. మార్చిన తరువాత ఎవరూ దిద్దనంతవరకు, అది పాత ప్రతి నుండి ఎత్తిరాసినదని ఆ ఖాళీలను బట్టి పోల్చుకోవచ్చు.